తెల్ల కాగితం మీద లారీ ఆఫీసు ముద్ర

మిరప కోతల రోజుల్లో గుంటూరు, ప్రకాశం వైపు వెళ్లేవాళ్లు రెండు పనులు చేయకండి. కళ్లకి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవద్దు. కోపంలో ఉన్నప్పుడు ఆసుపత్రి మెట్లెక్కొద్దు. నేను రెండూ చేసి వచ్చాను.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. చట్టాల మీద పాఠాలు చెప్పే వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ వేయడం నా ఉద్యోగం. లాయర్ని కాదు. కానీ మానసిక ఆరోగ్య చట్టం వీడియోలు వెనక్కీ ముందుకీ తిప్పుతూ నెలల తరబడి టైప్ చేశాక, అందులో సగం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

సంగతి ఇది. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితిలో ఒక ఒప్పందం జరిగింది. 2007లో మన దేశం దాన్ని ఆమోదించింది. అందులో అసలు మాట, మనసుకి జబ్బున్న మనిషి కూడా చట్టం ముందు అందరిలాంటి మనిషేనని. ఆ మనిషి తరఫున మనం నిర్ణయించేయకూడదు, ఆ మనిషి నిర్ణయించుకోవడానికి సాయం చేయాలి. మన పాత చట్టం దీనికి ఎక్కడా అతకలేదు. అందుకే 2017లో కొత్తది రాశారు, ఆ ఒప్పందానికి తగ్గట్టు మారుస్తున్నామని మొదట్లోనే చెప్పుకున్నారు. దాని ప్రకారం ఎవరైనా సరే బాగున్న రోజుల్లోనే చెప్పి పెట్టుకోవచ్చు: రేపు నాకు బాగోకపోతే ఈ వైద్యం చేయండి, ఇది మాత్రం చేయకండి, నా తరఫున ఫలానా మనిషిని అడగండి అని. ఆ ఫలానా మనిషి చుట్టం కానక్కర్లేదు. ఆ పేరు మామూలు తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు.

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను తిరిగిన దారిలో దాన్ని ఒక్కరూ నమ్మలేదు.

మా అమ్మ చెల్లెలు సారమ్మ పిన్ని చిలకలూరిపేట అవతల ఒక ఊళ్లో ఉంటుంది. మిరప కోతలకి, పత్తి తీతలకి వెళ్తుంది. కొన్నేళ్లకోసారి ఆమెకి నిద్ర పట్టదు, మాట ఆగదు, కాలు నిలవదు. జబ్బు పేరు బైపోలార్. మందులు వేసుకున్నంతకాలం మనకన్నా నిదానంగా ఉంటుంది. పోయినసారి బాగోనప్పుడు మా ఏసోబు మావయ్య, అంటే పిన్నికి అన్న, ఆమెని ఒక ప్రైవేటు హోమ్‌లో పెట్టాడు. అక్కడ కాలికి గొలుసు వేశారు. ఇప్పుడు మందులతో బాగానే ఉంది. అయినా ముందుజాగ్రత్తగా కోతలవగానే, వచ్చే ఆదివారమే, మళ్లీ అక్కడ చేర్చేస్తానంటున్నాడట. పిన్ని నాకు ఫోన్ చేసింది.

"ఏదో చట్టం ఉందన్నావుగా. అది పట్టుకురా" అంది, పచ్చడి సీసా పట్టుకురమ్మన్నంత మామూలుగా.

పిడుగురాళ్ల: తెల్ల మావయ్య

ముందు మావయ్యతో తేల్చుకుందామని వెళ్లి, పిడుగురాళ్లలో బస్సు దిగగానే నా ఫోన్ కెమెరా పాడైందనుకున్నాను. ఏ ఫొటో తీసినా తెల్లగానే వస్తోంది. కెమెరా బాగానే ఉంది. ఊరే అంత. సున్నం బట్టీల ధూళి చెట్ల మీద, టీ కొట్టు రేకుల మీద, పడుకున్న కుక్క మీద కూడా ఉంది. మా మావయ్య బట్టీలో పనిచేస్తాడు. కనురెప్పలతో సహా తెల్లగా వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. కేక్ మీద నుంచి దిగొచ్చిన క్రిస్మస్ తాతలా ఉన్నాడని నవ్వబోయి, కోపంగా వచ్చానన్న సంగతి గుర్తొచ్చి ఆపుకున్నాను.

టీ పది రూపాయలు. మా ఆఫీసు కింద ముప్పై పెట్టినా ఇంత చిక్కగా ఉండదు. టీ తాగినంతసేపూ నేను చట్టం చెప్పాను. మావయ్య ఓపిగ్గా విన్నాడు. తర్వాత పోయినసారి ఏం జరిగిందో చెప్పాడు. పిన్ని హైవే మధ్య తెల్లగీత మీద చర్చి పాటలు పాడుకుంటూ నడిచిపోతుంటే, ఈయన ఎదురుగా వస్తున్న లారీకి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడట.

"మీ చట్టం లారీకి అడ్డం నిలబడిద్దా అమ్మాయ్?" అన్నాడు.

దీనికి నా దగ్గర సబ్‌టైటిల్ లేదు. లేకపోయేసరికి అరిచాను. టీ కొట్టాయన రేడియో ఆపి మరీ విన్నాడు. మావయ్య మాత్రం గ్లాసు కడిగి పెట్టి, పెద్దవాడు లేకుండా కాగితమేంటని తనూ బయల్దేరాడు. నన్ను బండి ఎక్కిస్తూ వీపు మీద చెయ్యేశాడు. నా నల్ల కుర్తా మీద ఐదు వేళ్లూ తెల్లగా పడ్డాయి. ఆ గుర్తు తర్వాత నా కొంప ముంచింది.

ఎర్ర కల్లం: చేయిపట్టుకుని నడిపించబడ్డ రక్షకురాలు

చిలకలూరిపేట దాటాక దారికి రెండు వైపులా కల్లాలు. కల్లమంటే మిరపకాయలు ఆరబోసే చదును నేల. ఫోన్‌లో చూసి ఎర్ర తివాచీ అనుకుంటాం. దగ్గరికి వెళ్తే తుమ్ములు. నేను వీడియో తీస్తూ కల్లం మధ్యదాకా నడిచి, అందమైన కాయ ఒకటి చేతిలో పట్టుకుని, తర్వాత అదే చేత్తో కన్ను నులుముకున్నాను. లెన్సుతో సహా.

ఆ తర్వాత కాసేపు నాకు ప్రపంచం లేదు. ఎవరో నన్ను కూర్చోబెట్టి, లెన్సులు తీయించి, చన్నీళ్లతో కళ్లు కడిగి, కొబ్బరినూనె రాసి, చేయి పట్టుకుని ఇంటికి నడిపించారు. ఆ మనిషి సారమ్మ పిన్ని. ఆమె హక్కులు కాపాడటానికి హైదరాబాద్ నుంచి వచ్చిన నేను, కళ్లు మూసుకుని ఆమె కొంగు పట్టుకుని ఊళ్లోకి వచ్చాను. దారిలో ఎవరో "ఎవరా పిల్ల, చూపు లేదా?" అని అడగడం వినిపించింది. మావయ్య జవాబు చెప్పాడు. నన్నెవరూ అడగలేదు.

భోజనంలో పండుమిరపకాయ పచ్చడి. మా ఇంట్లో అమ్మ వేలి కొసంత వేస్తుంది. ఇక్కడ గరిటెతో వేశారు. తిన్నాను, ఏడ్చాను, మళ్లీ పెట్టించుకున్నాను.

అప్పుడొచ్చింది మస్తాన్‌బీ. పిన్ని తన కాగితంలో రాయాలనుకున్న పేరు ఆమెదే. ఈ ప్రాంతంలో కోతలకి ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లరు, ముఠాగా వెళ్తారు. ముఠాకి ఒక మేస్త్రి. రైతుతో కూలి మాట్లాడేది, ఏ చేలోకి ఎవరు వెళ్లాలో చూసేది ఆమే. మస్తాన్‌బీ పిన్ని ముఠాకి మేస్త్రి. ఆమె మాట్లాడితే పక్క వీధిలో కోళ్లు లేస్తాయి. మా మావయ్యని ఒరేయ్ అంటుంది, ఆయన ఆమె ముందు బీడీ కాల్చడు.

ముఠాలో ఒక పద్ధతుంది. పొద్దున్నే మేస్త్రి ఇంటింటికీ వెళ్లి గుమ్మం ముందు నిలబడి, ఇయ్యాల వస్తావా రావా అని అడుగుతుంది. వస్తానంటే సరే. రానంటే కూడా సరే, ఎందుకని అడగదు, పక్కింటికి పోతుంది. మా ఆఫీసులో సెలవు కావాలంటే బతికున్న అమ్మమ్మని చంపాలి.

మస్తాన్‌బీయే ఎందుకని పిన్నిని అడిగాను.

"పోయినసారి నాకు బాగోనప్పుడు కూడా రోజూ వచ్చి అడిగింది. హోమ్‌కి పంపేదాకా ఇంట్లోనే పెట్టి తలుపుకి తాళమేశారు. కిటికీ దగ్గరకొచ్చి అడిగింది, ఇయ్యాల వస్తావా అని. నేనేందేందో వాగా. అయితే రేపు అడుగుతాలే అని పోయింది."

మస్తాన్‌బీ వక్కపొడి నములుతూ, అడక్కపోతే ముఠా ఎట్లా కట్టేది అంది.

ఎరువుల కొట్టు: ముద్రల జాతర

ఏ వైద్యం కావాలో, ఏది వద్దో కూడా రాస్తే ఇద్దరు సాక్షులుండాలి, అందుకని పిన్ని రాసి సంతకం పెట్టిన కాగితంతో ఎరువుల కొట్టుకి వెళ్లాం. ఆ ఊరికి అదే అసెంబ్లీ. తెల్ల కాగితం చూడగానే కొట్టాయన మొహం ముడుచుకుంది. కనీసం వంద రూపాయల స్టాంపు పేపరన్నా లేకుండా ఏం కాగితమది అన్నాడు. నేను ఫోన్ తీసి చట్టం చదివాను. అక్కడున్నవాళ్లంతా నా ఫోన్ మోడల్ ఏంటని అడిగారు.

తర్వాత ఇంకో చర్చ మొదలైంది. సారమ్మ బుర్ర ఇప్పుడు సరిగ్గా ఉందా, ఉంటే తేల్చేదెవరు? ఆమె అక్కడే బస్తా మీద కూర్చుని వింటోంది. నలుగురూ కలిసి పరీక్ష పెట్టాలని తీర్మానించారు. కొట్టాయనే ప్రశ్న వేశాడు, ఈ ఏడు మిరప రేటు ఎంత పోద్దని.

పిన్ని ఆలోచించి, "అది తెలిస్తే నీ కొట్టు కాడ ఎందుకు కూర్చుంటానన్నా?" అంది.

ఒక్కసారిగా అందరూ ఆమె బుర్ర దివ్యంగా ఉందన్నారు. కొట్టాయన ఏటా రేటు పెరుగుతుందని చెప్పి ఊరందరి చేతా మిరప వేయించి ఏటా తప్పుతాడట. ఆయన బుర్రకి మాత్రం ఇంతవరకూ ఎవరూ పరీక్ష పెట్టలేదు.

సాక్షులు దొరికారు. కానీ ఒట్టి సంతకాలేంటి, బలం ఉండొద్దా అని కొట్టాయన తన ఎరువుల ముద్ర కొట్టాడు. అది చూసి మావయ్య, కాగితం మీద కోపం మర్చిపోయి, చర్చి ముద్ర కూడా ఉండాలని పరిగెత్తాడు. మస్తాన్‌బీ పేరుంది కాబట్టి మసీదు కమిటీ ముద్ర కూడా ఉండాలని ఆమె పట్టుబట్టింది. బడి హెడ్మాస్టరు గారిది పడింది. ఇంజెక్షన్లు వేసే ఆర్ఎంపీ తన ముద్రని రెండుసార్లు కొట్టాడు, మొదటిది సరిగ్గా పడలేదని. ఆఖర్న చీమకుర్తి గ్రానైట్ రాళ్లు దింపి వెనక్కి పోతూ టీకి ఆగిన లారీ ఆఫీసు గుమస్తా ఒకాయన, ఏం జరుగుతోందో కూడా అడక్కుండా, బ్యాగులోంచి తన ముద్ర తీశాడు.

"ఉంచండి. దారిలో ఎవరన్నా ఆపితే పనికొచ్చిద్ది" అన్నాడు.

నేను అరుస్తూనే ఉన్నాను. ఈ ముద్రలేవీ అక్కర్లేదని, వికలాంగుల హక్కుల ఒప్పందం ప్రకారం ఆమె మాట ఒక్కటే చాలని. నాకు కుర్చీ వేసి సోడా ఇచ్చారు.

ఒక టౌను: నా పేరు మీద చీటీ

ఆ టౌను పేరు చెప్పను. అక్కడి పెద్దాసుపత్రిలో నా పేరు మీద ఇప్పటికీ ఒక ఓపీ చీటీ ఉంది.

పిన్ని మందులు తెచ్చుకునేది అక్కడే. ఆ కాగితాన్ని ఆమె కేసు ఫైల్లో పెట్టించాలి, చట్టం ప్రకారం ఇలాంటివి చూసే రివ్యూ బోర్డుకి కాపీ పంపించాలి. ఫైల్లో ఉంటే హోమ్ మాట ఆగుతుందని పిన్ని ఆశ. మర్నాడు మస్తాన్‌బీతో కలిసి నలుగురం వెళ్లాం. కౌంటర్లో గుమస్తా గార్డియన్ ఎవరని అడిగాడు. పెద్దవాళ్లకి ఈ చట్టంలో గార్డియన్ లేడు, తాము పేరు రాసుకున్న మనిషి, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ ఉంటారని మొదలుపెట్టాను. గుమస్తా వినకుండా, పేరు చెప్పండన్నాడు. నన్ను చూస్తూ అన్నాడు. మావయ్యకి ఎవరేమడిగినా జవాబు చెప్పే అలవాటు కదా, "కెజియా" అని నా పేరు చెప్పాడు.

ఒకసారి నన్ను బయట నుంచి చూడండి. కారంతో వాచిన ఎర్రటి కళ్లు. జుట్టులో సున్నం. నిన్నటి కుర్తా వీపు మీద తెల్లటి ఐదు వేళ్లు. సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ సెక్షన్లు అరుస్తున్నాను. పక్కనే ఉతికిన నేతచీరలో, మంచినీళ్ల సీసా, క్యారేజీ పట్టుకుని సారమ్మ పిన్ని నిదానంగా కూర్చుని ఉంది. మీరైతే ఎవర్ని లోపలికి పంపేవాళ్లు?

పేరు పిలిచారు. నా పేరే కాబట్టి వెళ్లాను. నర్సు ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది అని మావయ్యని అడిగింది.

"చిన్నప్పట్నించీ ఇంతేనండీ. పాలసీసా కూడా విసిరికొట్టేది."

నిద్ర గురించి అడిగితే మస్తాన్‌బీ, రాత్రంతా ఫోన్ చూసుకుంటుందని చెప్పింది. తిండి సంగతి అడిగితే, అన్నం ముందు ఏడ్చిందని చెప్పింది. అన్నీ నిజాలే.

నేను పేషెంట్‌ని కాదన్నాను. సరేనమ్మా అని అది కూడా రాసుకుంది. మా పిన్ని హక్కుల కోసం దేశం ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద సంతకం పెట్టిందని చెప్పాను. ఆమె పెన్ను ఆపి, ఐక్యరాజ్యసమితి వాళ్లు నీతో మాట్లాడతారా అని మెత్తగా అడిగింది. మాట్లాడరు, కానీ నా ఫోన్‌లో వాళ్ల వీడియోలు ఉన్నాయన్నాను. మావయ్య వైపు ఎంత జాలిగా చూసిందో.

ఈలోపు డాక్టర్ గారొచ్చారు. నాకన్నా కొంచెం పెద్దావిడ, పొద్దుట్నుంచీ ఏమీ తినని మొహం. నర్సు నోట్సు చూసి, ముందు ఒక ఇంజెక్షన్ ఇస్తే కాసేపు పడుకుంటుంది, ఏమంటారు అన్నారు. నాతో కాదు, మావయ్యతో.

మావయ్య చేతులు కట్టుకుని, "మీ ఇష్టమండీ. మీరెట్లా అంటే అట్లా" అన్నాడు.

అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. నేను ఏమన్నా అది నోట్సులోకి పోతుందని అర్థమైంది. ఊరుకున్నా పోతుంది. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు పిన్ని లేచింది. క్యారేజీ బల్ల మీద పెట్టింది.

"ఆ పిల్లని అడగండి డాక్టరమ్మా. మీరంతా దాని గురించి మాట్లాడుకుంటున్నారు, అది ఇక్కడే ఉంది. నన్ను కూడా పోయినసారి ఎవరూ అడగలా. దానికేం కావాలో దాన్ని అడగండి."

డాక్టర్ గారు పెన్ను కింద పెట్టారు. కుర్చీ నా వైపు తిప్పి, నీకేం కావాలమ్మా అని అడిగారు.

ఐక్యరాజ్యసమితి నుంచి సెక్షన్లదాకా అన్నీ తెలిసిన నాకు ఒకే ఒక్క మాట వచ్చింది. "మంచినీళ్లు."

పిన్ని సీసా మూత తీసి ఇచ్చింది. తాగాక మొత్తం చెప్పాను. డాక్టర్ గారు నవ్వలేదు, ముందు సారీ చెప్పారు. తర్వాత మా కాగితం అడిగి చాలాసేపు చూశారు.

"ఇందులో ఆవిడ సంతకమేదండీ?"

వెతికాం. లారీ ఆఫీసు ముద్ర కింద ఉంది. ఒక్క అక్షరం కనబడటం లేదు.

ఆవిడ ప్రింటర్లోంచి తెల్ల కాగితం లాగి పిన్ని ముందు పెట్టారు, ముద్రలేం వద్దన్నారు. ఒట్టి కాగితమేనా అని మావయ్య రెండుసార్లు అడిగాడు. పిన్ని ఏడో తరగతి చదివింది. నెమ్మదిగా రాసింది. గొలుసు వద్దు. ఆ హోమ్ వద్దు. ఈ ఆసుపత్రికే తీసుకురండి. ఏం మందు ఇస్తున్నారో చెప్పి ఇవ్వండి. మస్తాన్‌బీని అడగండి. రాయడం అయ్యాక తలెత్తి, "బాగోనప్పుడు నేను రానంటే ఏం చేస్తారమ్మా?" అంది.

డాక్టర్ గారు దాచలేదు. ఆ ఐక్యరాజ్యసమితి ఒప్పందం అమలు చూసే కమిటీ, బలవంతమే వద్దంటుంది. మన చట్టం అంతదూరం పోలేదు. మరీ ప్రమాదమైతే కొన్నాళ్లు లోపల ఉంచనిస్తుంది. అప్పుడు కూడా చేర్చుకోమని మస్తాన్‌బీయే అడగాలి, ఈ కాగితం చూడాలి, బోర్డుకి జవాబు చెప్పాలి. గొలుసు మాత్రం ఎవరూ, ఎక్కడా, ఎందుకూ వేయకూడదు. పిన్ని ఒక్కో ముక్కా మళ్లీ చెప్పించుకుని సంతకం పెట్టింది. సాక్షులుగా నర్సు, నేను పెట్టాం.

మావయ్య అప్పటిదాకా కాగితం వైపే చూస్తున్నాడు.

"మరి నేనేమైపోయా? తోడబుట్టినోణ్ణి. లారీకి అడ్డం నిలబడ్డా."

"నిలబడ్డావన్నా, కాదన్లా" అంది పిన్ని. "కానీ నీకు భయమేస్తే కట్టేస్తావు. మస్తాన్‌బీకి భయమేస్తే అడిగిద్ది."

ఆయన బయటికెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాం. వరండాలో గోడవైపు తిరిగి హోమ్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆదివారం రావట్లేదండీ అంటున్నాడు. లేదండీ, ఆమెని అడిగా, రానంది.

నిజానికి అప్పటికి ఆయన అడగలేదు. ఫోన్ పెట్టేశాక లోపలికొచ్చి అడిగాడు. రానంది.

వాడరేవు: అడుగుతున్నా

నాకు సముద్రం చూడాలనిపించి వాడరేవు వెళ్దామన్నాను. మస్తాన్‌బీ కోతలు పోతాయని పేటకి బస్సెక్కేసింది. చట్టం ఎవరిదైనా రేపు పొద్దున్నే ముఠా కట్టాలి కదా.

మావయ్యకి కొత్త జబ్బు పట్టుకుంది. చీరాలలో ఆటో ఎక్కే ముందు, "సారా, ఈ ఆటోనేనా, ఇంకోటి చూడనా? అడుగుతున్నా" అన్నాడు. ఒడ్డున, నీడలో కూర్చుంటావా ఎండలోనా, అడుగుతున్నా. చెప్పులు విప్పుతావా, అడుగుతున్నా. చేపల వేపుడు బండి దగ్గర ఏ చేప, ఎంత కారం, నిమ్మకాయ పిండాలా వద్దా అని అడిగి అడిగి, వెనక వరసలో ఉన్నవాళ్ల చేత తిట్లు తిన్నాడు. పిన్ని విసుగెత్తి నా వైపు చూసింది. దీనిక్కూడా ఏమన్నా చట్టముందా అన్నట్టు.

నన్ను కూడా అడిగాడు, ఆ ఫోన్ కాసేపు లోపల పెడతావా, అడుగుతున్నా అని. పెట్టనన్నాను. సరేలెమ్మన్నాడు.

పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. ఎండుచేపల వాసన మా ఇంటి మెట్రో స్టేషన్‌దాకా నాతో వచ్చింది. పిన్ని ఇసుకలో కూర్చుని ముళ్లు తీసిన చేప ముక్కలు నా ఆకులో వేస్తోంది. మావయ్య కాస్త దూరంలో నిలబడి చాలాసేపు అలలు చూశాడు. కనురెప్పల మీద సున్నం ఇంకా పూర్తిగా పోలేదు.

"సారా, పోయినసారి అడిగుంటే ఏం చెప్పేదానివి?"

పిన్ని నమలడం ఆపింది.

"తలుపు తీసి ఉంచమనేదాన్ని. పక్కన కూర్చోమనేదాన్ని."

"అంతేనా?"

"అంతే."

మావయ్య వచ్చి ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఒడ్డున ఉన్నంతసేపట్లో ఆయన అడక్కుండా చేసిన పని అదొక్కటే.